నూటికొక్కటి

బేసింగ్‌స్టోక్ పేరెత్తితే ఇంగ్లండువాళ్లు ముందు ఓ చిన్న నవ్వు నవ్వి, తర్వాత మాట్లాడతారు. ఊరినిండా రౌండబౌట్లే కాబట్టి దానికి ‘డోనట్ సిటీ’ అని ముద్దుపేరు. లండన్ వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కితే ముప్పావుగంట ప్రయాణం. ఆఫీసు భవనాలు, గిడ్డంగులు, ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్లు. జేన్ ఆస్టెన్ పుట్టిన స్టీవెంటన్ పల్లె పక్కనే ఉన్నా, పనిగట్టుకుని చూడ్డానికెళ్లే ఊరు మాత్రం కాదు. నేను మూడుసార్లు వెళ్లాను. నాకు వరసకి చెల్లెలయ్యే అమ్మాయి అక్కడ కాపురముంటోంది. వాళ్లబ్బాయికి హీమోఫీలియా.

మొదటిసారి వెళ్లింది పదేళ్ల కిందట. అప్పుడు వాడికి ఏడేళ్లు. పొద్దున్నే కాఫీకి పాలు తీద్దామని ఫ్రిజ్ తెరిస్తే పెరుగు గిన్నెకీ గోంగూర పచ్చడి సీసాకీ మధ్య మందుల అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. చెల్లెలు ఒకటి తీసి బల్లమీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. పెట్టెలో ఓ చిన్న గాజుసీసా, దాని అడుగున చిటికెడు తెల్లటి పొడి. పక్కన కలుపుకునే నీళ్లు. నీళ్లు పొడిలోకి ఎక్కించి, సీసాని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించింది. ‘‘గిలక్కొట్టకూడదన్నయ్యా, నురగొస్తే పాడవుతుంది’’ అంది. పొడి కరిగి నీళ్లు తేటగా అయ్యాక సిరంజిలోకి లాగి, రెక్కల సూది బిగించి, ‘‘ఇవాళ ఏ చెయ్యిరా నాన్నా?’’ అని అడిగింది. వాడు కార్టూను మీంచి చూపు తిప్పకుండా ఎడమచెయ్యి చాపాడు. మోచేతి మడతలో నరం వెతుక్కుని సూది గుచ్చి, సన్నటి గొట్టంలో ఎర్రగీత కనబడగానే మందు నిదానంగా ఎక్కించింది. మొత్తం పావుగంట. దూది వాడి చేతే అదిమి పట్టించి, వెళ్లి ఇడ్లీ పాత్ర దించింది. రోజు విడిచి రోజు ఇదే తంతు. ఆవిడ డాక్టరూ కాదు, నర్సూ కాదు, బీకాం చదివింది.

ఆ చిటికెడు పొడి ఏమిటో, ఆ ఫ్రిజ్‌లోకి ఎలా చేరిందో చెప్పడానికే ఈ అధ్యాయం. దారిలో బేసింగ్‌స్టోక్‌కి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆల్టన్ అనే ఊళ్లో ఆగాలి. అది సుఖమైన మజిలీ కాదు.

ఈ జబ్బు గురించి కథలూ సినిమాలూ మనకి నేర్పింది ఒక్కటే: గుండుసూది గుచ్చుకున్నా మనిషి నెత్తురంతా కారి పోతాడని. అలా ఏమీ జరగదు. కాలవకి గండి పడ్డప్పుడు మన ఊళ్లల్లో ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. ముందు చేతికందిన రాళ్లూ ఇసకబస్తాలూ పడేసి ధార ఆపుతారు. ఆ తర్వాత తీరిగ్గా కొమ్మలూ తడికెలూ అడ్డంవేసి, మట్టి మెత్తి కట్ట గట్టిచేస్తారు. నెత్తుటికీ రెండు దశలే. ప్లేట్‌లెట్లు వచ్చి మూగి అడ్డుపడటం మొదటిది. ఫైబ్రిన్ అనే దారాల వల దాన్ని బిగించడం రెండోది. హీమోఫీలియా ఉన్నవాడికి మొదటి పని చక్కగానే జరుగుతుంది. గడ్డం గీసుకుంటుంటే తెగిన గాటు మనకి ఆగినట్టే వాడికీ ఆగుతుంది. రెండో పనే జరగదు. పన్ను పీకించుకుని ఇంటికొచ్చి, భోంచేసి పడుకున్నవాడికి అర్ధరాత్రి దిండు తడుస్తుంది. నెత్తురు జోరుగా కారదు, ఎంతకీ ఆగదు.

అసలు బాధ బయటికి కనబడేది కూడా కాదు. మోకాలు, చీలమండ, మోచెయ్యి: బరువు మోసి మడతపడే కీళ్లలో, దెబ్బేమీ తగలకుండానే లోపల నెత్తురు ఊరడం మొదలవుతుంది. మొదట చీమలు పాకినట్టుంటుందట. తర్వాత వేడి, బిగువు. తెల్లారేసరికి మోకాలిచిప్ప ఎక్కడుందో తెలియనంత వాపు. మా ఊళ్లో నాకంటే రెండు క్లాసులు పైన ఒకబ్బాయి చదివేవాడు. నెలకి వారం బడికొచ్చేవాడు కాదు. వాతమన్నారు, గాలి సోకిందన్నారు. వాళ్ల నాయనమ్మ నువ్వులనూనె కాచి మర్దనా చేసి, ఉప్పుమూట కాపడం పెట్టేది. ప్రేమతో చేసిందే. కానీ కీలులో నెత్తురు ఊరుతున్నప్పుడు వేడీ మర్దనా రెండూ నిప్పుమీద నెయ్యి. కదపకుండా ఉంచి, ఐసు పెట్టి, ఎత్తుమీద ఆనించాలి. వీలైనంత త్వరగా మందు ఎక్కించాలి. ఆ రోజుల్లో ఆ సంగతి మా ఊరి ఆర్‌ఎంపీకీ తెలియదు. ఆయన నొప్పికి తుంటిమీద సూదిమందు వేసేవాడు, దాంతో తుంటిలో కండంతా నల్లబడి గట్టిగా ఉండకట్టేది. కీలులో పేరుకున్న నెత్తుటిలోని ఇనుము అక్కడి పొరని రేపి, పొర ఉబ్బి, అది మృదులాస్థిని తినేస్తుంది. ఇరవై ఏళ్లు రాకముందే ఆ అబ్బాయి మోకాలు వంగిన చోటే బిగుసుకుపోయింది. వాళ్ల మేనమామా అలాగే కుంటేవాడు. ‘‘వీడిది మేనమామ పోలిక’’ అనేవాళ్లు ఊళ్లో. ఎంత కచ్చితమైన జన్యుశాస్త్రం మాట్లాడుతున్నారో వాళ్లకి తెలియదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఫైబ్రిన్ వల తయారవడానికి నెత్తుట్లో డజను దాకా ప్రోటీన్లు ఒకదాన్నొకటి తట్టిలేపాలి. వాటినే ఫ్యాక్టర్లంటారు. అంకెలు కనిపెట్టిన వరసలో వేశారు, పనిచేసే వరసలో కాదు. ఆరో ఫ్యాక్టర్ అనేదే లేదు. ఈ వరసకి ఆక్స్‌ఫర్డ్‌లో మాక్‌ఫార్లేన్ ‘క్యాస్కేడ్’ అనీ, అమెరికాలో డేవీ, రాట్నాఫ్ ‘జలపాతం’ అనీ ఒకే ఏడాది, 1964లో పేరు పెట్టారు. అందులో ఎనిమిదో ఫ్యాక్టర్‌ది పెళ్లిళ్ల పేరయ్య ఉద్యోగం. తనంతట తాను ఏదీ తెంచదు, కలపదు. తొమ్మిదో ఫ్యాక్టర్‌నీ పదో ఫ్యాక్టర్‌నీ తీసుకొచ్చి ఒకే చాపమీద ఎదురెదురుగా కూర్చోబెడుతుంది, అంతే. ఆ కూర్చోబెట్టడంతో పని లక్ష రెట్లకు పైగా వేగం అందుకుంటుంది. పేరయ్య లేకపోతే హీమోఫీలియా ఏ. ఇది దాదాపు 5 వేల మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. తొమ్మిదో ఫ్యాక్టరే లేకపోతే హీమోఫీలియా బి. ఇది 25, 30 వేల మందిలో ఒకరికి. రెండోదానికి క్రిస్మస్ జబ్బు అని ఇంకో పేరుంది. 1952లో ఆక్స్‌ఫర్డ్ బృందం దాన్ని విడిగా గుర్తించింది స్టీఫెన్ క్రిస్మస్ అనే పిల్లవాడిలో. ఆ వ్యాసం అచ్చయింది కూడా బ్రిటిష్ మెడికల్ జర్నల్ క్రిస్మస్ వారంలోనే. ఈ పేరు ముందుముందు ఇంకోసారి వస్తుంది.

మన ఒంట్లో ఉన్న ఎనిమిదో ఫ్యాక్టరంతా పోగేసినా ఒక మిల్లీగ్రాము తూగదు. అందులోనూ మనకి కావలసినదానికంటే ఎక్కువే ఉంటుంది. సగటు మనిషిది 100 శాతం అనుకుంటే, 50 ఉన్నవాడికి తేడాయే తెలియదు. 5 నుంచి 40 శాతం ఉన్నవాడు ఆపరేషనో పెద్ద దెబ్బో తగిలేదాకా మామూలుగా తిరుగుతాడు. 1 నుంచి 5 మధ్య ఉంటే ఓ మోస్తరు జబ్బు. ఒకటికంటే దిగువనుంటే కీళ్లలో తనంతట తానే నెత్తురూరే తీవ్రమైన జబ్బు. సున్నాకీ ఒకటికీ మధ్యనున్న ఆ సన్నటి గీతమీదే మొత్తం కథ నడుస్తుంది.

ఆ గీతని పట్టుకున్నది స్వీడన్‌లోని మాల్మోలో ఇంగా మరీ నిల్సన్ అనే డాక్టరు. ఓ మోస్తరు జబ్బున్నవాళ్ల కీళ్లు చెడిపోవడం అరుదని ఆవిడ బృందం గమనించింది. అలాగైతే తీవ్రమైన జబ్బున్న పిల్లలకి నెత్తురు కారాక కాక, కారకముందే మందిస్తూ, ఎప్పుడూ ఒక శాతానికి దిగకుండా చూస్తే? 1958లో మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచమంతా చేస్తున్నది ఆ పనే. మా చెల్లెలు రోజు విడిచి రోజు సూది పట్టుకోవడం వెనక ఉన్నది చిన్నపిల్లలు వేసే లెక్క. ఎనిమిదో ఫ్యాక్టర్ ఒంట్లో సుమారు 12 గంటలకి సగమవుతుంది. ఇవాళ పొద్దున 50కి ఎక్కిస్తే, రాత్రికి 25. రేపు పొద్దునకి 12, రాత్రికి 6. ఎల్లుండి పొద్దునకి 3. ఇంకొక్క పూట ఆలస్యమైతే గీత దగ్గర పడుతుంది. కాబట్టి ఎల్లుండి పొద్దున్నే ఫ్రిజ్ తెరవాలి.

స్వీడన్‌వాళ్లకి ఆలోచనైతే వచ్చింది కానీ అందరికీ ఎక్కించడానికి చాలినంత సరుకేదీ? నెత్తురే ఎక్కిస్తే సీసాలకి సీసాలు కావాలి. పిల్లవాడి గుండె అంత బరువు లాగలేదు. 1964లో స్టాన్‌ఫర్డ్‌లో జూడిత్ పూల్ ఒక చిత్రం చూసింది. గడ్డకట్టించిన ప్లాస్మాని చల్లటిచోట నెమ్మదిగా కరగనిస్తే అడుగున కరగకుండా కాస్త మడ్డి మిగులుతోంది. ఎనిమిదో ఫ్యాక్టర్‌లో చాలా భాగం ఆ మడ్డిలోనే ఉంది. దాని పేరు క్రయోప్రెసిపిటేట్. ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు, మామూలు బ్లడ్ బ్యాంకులో చేసుకోవచ్చు. మన దేశంలో ఇప్పటికీ చాలాచోట్ల ప్రాణాలు నిలబెడుతున్నది అదే. ఆపైన ఫ్యాక్టరీలు రంగంలోకి దిగాయి. వేలమంది ప్లాస్మా ఒకే పెద్ద తొట్టెలో పోసి, ఫ్యాక్టర్ పిండి, ఎండబెట్టి పొడిచేసి సీసాల్లో పట్టాయి. 1970ల్లో అది ఇళ్లకి చేరింది. ఆసుపత్రి మంచానికి కట్టేసి ఉన్న పిల్లలు బడికెళ్లడం మొదలుపెట్టారు.

ఇక ఆల్టన్. లండన్ నగరానికి లార్డ్ మేయరుగా చేసిన సర్ విలియం ట్రెలోర్, ఎముకల క్షయతో వంకరపోయిన పిల్లల కోసం 1908లో అక్కడ ఒక ఆసుపత్రీ దానికి జతగా బడీ తెరిచాడు. కాలక్రమంలో క్షయ వెనకబట్టింది, హీమోఫీలియా పిల్లలు వచ్చి చేరారు. ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది. హాస్టల్లో కుర్రాడికి మోకాల్లో చీమలు పాకాయా, ఆవరణలోనే ఉన్న కేంద్రానికి నడిచెళ్లి సూది వేయించుకుని, మళ్లీ వచ్చి క్లాసులో కూర్చోవచ్చు. దేశం నలుమూలల నుంచీ తల్లిదండ్రులు నమ్మి పంపారు. ఎప్పుడూ పదుల సంఖ్యలో అలాంటి పిల్లలు ఒకేచోట ఉంటే పరిశోధకులకి అంతకంటే ఏం కావాలి? ముందుజాగ్రత్త మందు పనిచేస్తుందా లేదా అన్నదానిమీద డాక్టర్ ఆరన్‌స్టామ్ బృందం 1976లో అచ్చువేసిన పరీక్ష ఆ పిల్లలమీద చేసిందే. ఆ రంగంలో ఇప్పటికీ ప్రస్తావనకొచ్చే పేపరది.

కుండెడు పాలకి ఒక్క చుక్క విషం చాలు. తొట్టెలో కలిసిన వేలమందిలో ఏ ఒక్కరికి కామెర్ల వైరసున్నా ఆ విడత సీసాలన్నిటికీ అంటుకుంటుంది. బ్రిటన్‌కి సరిపడా సొంత ప్లాస్మా లేక అమెరికా నుంచి కొన్నారు. అక్కడ డబ్బిచ్చి సేకరించేవాళ్లు, జైళ్లలో ఖైదీల దగ్గర కూడా. హెపటైటిస్ వస్తుందని డాక్టర్లకి 70ల్లోనే తెలుసు. 80ల మొదట్లో అదే పొడిలో ఎయిడ్స్ వైరసూ వచ్చింది. వేడిచేసి వైరస్‌ని చంపిన మందు అందరికీ అందేసరికి 1985 అయింది. ఈలోపు బ్రిటన్‌లో నెత్తురాగని జబ్బులున్న సుమారు 1,250 మందికి హెచ్‌ఐవీ సోకింది. వాళ్లలో 380 మంది పిల్లలు. సోకినవాళ్లందరిలో ముప్పాతికమంది ఇప్పుడు లేరు. స్టీఫెన్ క్రిస్మస్ కెనడాలో 1993లో పోయింది కూడా ఎక్కించిన నెత్తుటితో వచ్చిన ఎయిడ్స్‌తోనే.

1970 నుంచి 1987 దాకా ట్రెలోర్ బడిలో చదివిన హీమోఫీలియా పిల్లలు 122 మంది. మిగిలింది ముప్పైమంది చిల్లర. ఈ చెడిన నెత్తుటి వ్యవహారం మీద సర్ బ్రయన్ లాంగ్‌స్టాఫ్ నడిపిన విచారణ తన నివేదికని 2024 మే 20న బయటపెట్టింది. ఆ పిల్లల్ని పరిశోధన సరుకుగా వాడుకున్నారనీ, ప్రమాదం తెలిసి కూడా ఆ మందులే ఇచ్చారనీ, పిల్లలకీ తల్లిదండ్రులకీ చెప్పవలసినవి చెప్పలేదనీ తేల్చింది. కొందరు కుర్రాళ్లని ఒకే గదిలోకి పిలిచి హెచ్‌ఐవీ నీకుంది, నీకు లేదు అని వరసగా చెప్పారట, బతికున్నవాళ్లు సాక్ష్యమిచ్చారు. దేశం మొత్తమ్మీద చెడిపోయిన నెత్తురు, మందుల వల్ల జబ్బు సోకినవాళ్లు 30 వేలకి పైనే. నివేదిక వచ్చిన రోజే ప్రధాని సునాక్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆ అక్టోబరు బడ్జెట్‌లో పరిహారానికి 1,180 కోట్ల పౌండ్లు కేటాయించారు. నన్నడిగితే ఈ కథలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది దుర్మార్గం కూడా కాదు. ఆ బడి ఆలోచన మంచిది, ఆ పరిశోధన వేసిన ప్రశ్న మంచిది, ఆ మందు పిల్లల్ని నిజంగానే మంచం మీంచి లేపింది. ఇన్ని మంచి విషయాల మధ్యలో కుర్రాళ్లని అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆల్టన్ ఆసుపత్రి తర్వాత మూతబడింది. హీమోఫీలియా కేంద్రం బేసింగ్‌స్టోక్‌లో ఆల్డర్‌మాస్టన్ రోడ్డుమీదున్న జిల్లా ఆసుపత్రికి చేరింది. మా మేనల్లుడు వెళ్లేది అక్కడికే. వాడి సీసాలోని పొడిలో మనిషి నెత్తురు చుక్క ఉండదు. ఎనిమిదో ఫ్యాక్టర్ జన్యువుని 1984లో విడదీశారు. హామ్‌స్టర్ అనే చుంచులాంటి జంతువు కణాల్లో దాన్ని పెట్టి, తొట్టెల్లో పెంచి తీసిన మందు 1992 నుంచి వాడుకలో ఉంది.

పుట్టిన ఏడాదికి వాడు పాకడం మొదలుపెట్టాక ఒంటిమీద నల్లటి మచ్చలు తేలడం చూసి పసిపిల్లల్ని చూడ్డానికి ఇంటికొచ్చే హెల్త్ విజిటర్ ముందు తల్లిదండ్రుల్నే అనుమానంగా చూసిందట. జబ్బు పేరు బయటపడ్డాక ఇండియాలో అత్తగారి నోటినుంచి వచ్చిన మొదటి మాట ‘‘మా ఇంట్లో ఎవరికీ లేదు, మీ వైపు నుంచే వచ్చింది’’ అని. ఈ మాటలో సగం శాస్త్రం ఉంది, అదే చిక్కు. ఎనిమిది, తొమ్మిది ఫ్యాక్టర్ల జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. ఆడవాళ్లకి ఎక్స్‌లు రెండు, మగవాళ్లకి ఒకటే. కొడుక్కి ఆ ఒక్కటీ తల్లి దగ్గర నుంచే వస్తుంది. తల్లికున్న రెండింటిలో ఒకటి పాడైనా రెండోది కాపుకాస్తుంది కాబట్టి ఆవిడ సాధారణంగా బాగానే ఉంటుంది; ఆ పాడైంది కొడుక్కి పడే అవకాశం సగానికి సగం. ఆవిడ తోబుట్టువుకీ అదే లాటరీ. అందుకే జబ్బు తాతనుంచి మనవడికి, మేనమామ నుంచి మేనల్లుడికి దూకుతున్నట్టు కనబడుతుంది. మా ఊరివాళ్లన్న మేనమామ పోలిక అదే. కాకపోతే మూడింట ఒక వంతు కేసుల్లో వంశంలో వెనక ఎవరికీ ఉండదు. జన్యువులో మార్పు కొత్తగా పుడుతుంది. మా చెల్లెలి వైపు నాలుగు తరాలు వెతికినా ఎవరూ దొరకలేదు. ఆ సంగతి అత్తగారికి ఫోనులో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదనుకోండి.

‘ఆడవాళ్లు బాగానే ఉంటారు’ అన్నమాట కూడా వైద్యులు ఈమధ్యే సరిదిద్దుకున్నారు. వాహకులనబడే స్త్రీలలో కొందరి ఫ్యాక్టర్ 40 శాతానికి దిగువనుంటుంది. వాళ్లకి ఉన్నది కూడా హీమోఫీలియాయే, స్వల్పమైనది. ఇక మన మేనరికాల దగ్గర లెక్క ఇంకో మెలిక తిరుగుతుంది. హీమోఫీలియా ఉన్న మేనమామ అక్క కూతుర్ని చేసుకున్నాడనుకుందాం. తన ఎక్స్ ఒక్కటే, అదీ పాడైందే. ప్రతి కూతురికీ అదే ఇస్తాడు. అతను చేసుకున్న ఆ అక్క కూతురు కూడా వాహకురాలైతే పుట్టే ఆడపిల్లల్లో సగంమందికి రెండు ఎక్స్‌లూ పాడైనవే వస్తాయి. పుస్తకాల్లో బహు అరుదని రాసే తీవ్ర హీమోఫీలియా ఉన్న ఆడపిల్ల మన గోదావరి జిల్లాల్లోనో తెలంగాణలోనో పుట్టడానికి దారి ఇది.

నెత్తురాగని జబ్బుల్లో పేరు మోసింది హీమోఫీలియా అయినా ఎక్కువమందిలో ఉన్నది మాత్రం ఇంకొకటి. 1920ల్లో ఫిన్లండుకి చెందిన ఆలండ్ దీవుల నుంచి ఒక అయిదేళ్ల పిల్లని ఎరిక్ వాన్ విల్లీబ్రాండ్ అనే డాక్టరు దగ్గరికి తెచ్చారు. అక్కచెల్లెళ్లలో కొందరు అప్పటికే నెత్తురు కారి చనిపోయారు. ఆయన 1926లో ఆ కుటుంబం గురించి రాశాడు. ఆ పిల్ల పదమూడో ఏట నాలుగో నెలసరిలో పోయింది. వాన్ విల్లీబ్రాండ్ జబ్బనే దీనిలో లోపించేది రక్తనాళం చిరిగినచోట పాశంలా విప్పుకుని, వడిగా పోతున్న ప్లేట్‌లెట్లని పట్టి ఆపే ప్రోటీను. ఎనిమిదో ఫ్యాక్టర్‌ని వెంటబెట్టుకుని కాపాడేది కూడా అదే. తోడు లేకపోతే పేరయ్య గంటల్లో కరిగిపోతాడు. పరీక్షలో అంకె తక్కువున్నవాళ్లని లెక్కేస్తే నూటికి ఒకరు దాకా తేలతారు. నిజంగా ఇబ్బంది పడేవాళ్లు అంతకంటే చాలా తక్కువ. ‘ఓ’ గ్రూపు నెత్తురున్నవాళ్లలో ఈ ప్రోటీను మిగతావాళ్లకంటే పాతిక శాతం దాకా తక్కువ ఉండటం సహజమే.

ఇది ఆడామగా ఇద్దరికీ సమానంగా వస్తుంది, కానీ బాధపడేది ఎక్కువ ఆడవాళ్లే. నెలనెలా ఎవరి ఒంట్లో గండి పడుతుంది మరి? వారం దాటిపోయే నెలసరి, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చడం, రాత్రి లేచి దుప్పటి ఉతకడం: ‘‘మా అమ్మకీ అంతే, మా ఇంటి ఆడవాళ్లందరికీ అంతే’’ అంటారు. ఆ మాటే డాక్టరు చెవిలో గంట మోగించాలి. జరిగేది ఏమిటంటే ‘రక్తం తక్కువుంది’ అని ఐరన్ మాత్రలు రాసి పంపుతారు. అడుగున చిల్లున్న బిందెలో నీళ్లు పోస్తూ పోవడం. పదినిమిషాలు నొక్కినా ఆగని ముక్కునెత్తురు, పన్ను పీకాక మర్నాటికీ ఆగకపోవడం, కాన్పు తర్వాత వారాల తరబడి పోవడం ఇవన్నీ ఒకే ఇంట్లో వినబడితే వాన్ విల్లీబ్రాండ్ పరీక్ష అడగాలి.

మందులు కూడా మరీ అందనివి కావు. జపాన్‌లో ఉతాకో ఒకమోతో, ఆవిడ భర్త కలిసి 1962లో ప్రకటించిన ట్రానెక్సామిక్ ఆసిడ్ ఏ మందుల షాపులోనైనా దొరికే మాత్ర. కట్టిన గడ్డ తొందరగా కరిగిపోకుండా చూస్తుంది. డెస్మోప్రెసిన్ అని ఇంకోటుంది, పక్క తడిపే పిల్లలకిచ్చే మందే. రక్తనాళాల గోడల్లో మన ఒళ్లు దాచుకున్న ఫ్యాక్టర్ నిల్వని బయటికి తోయిస్తుందని ఇటలీలో మన్నూచి బృందం 1977లో చూపించింది. అటకమీద దాచిన బియ్యం దింపించడం లాంటిది. రెండుమూడుసార్లు వరసగా దింపితే అటక ఖాళీ. అసలు దాచిందే లేనివాళ్లకి, అంటే వాన్ విల్లీబ్రాండ్‌లోనే మూడో రకం, తీవ్రమైన జబ్బున్నవాళ్లకి పనిచేయదు. వాళ్లకి ఆ ప్రోటీనే ఎక్కించాలి.

ఆ మూడో రకం, ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకోలేని గ్లాంజ్‌మన్ జబ్బు, పదమూడో ఫ్యాక్టర్ లోపం: ఇవి తల్లిదండ్రులిద్దరి నుంచీ పాడైన జన్యువు వస్తేనే బయటపడతాయి. కాబట్టి మేనరికాలున్న దక్షిణ భారతంలో మిగతా ప్రపంచంలో కంటే ఎక్కువ కనబడతాయి. పదమూడోదాని సంగతి ఒక్కమాట. పసిబిడ్డ బొడ్డు ఊడినచోట నుంచి రోజుల తరబడి నెత్తురు చెమరుస్తూ ఉంటే మొదట అనుమానించవలసింది దీన్నే. గడ్డకట్టే సమయం చూసే మామూలు పరీక్షలన్నీ బాగానే ఉన్నట్టు చూపించి మోసం చేస్తాయి. మెదడులో నెత్తురు కారే ప్రమాదం ఉన్న జబ్బు, కానీ ఆ ఫ్యాక్టర్ ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది. అందుచేత నెలకోసారి కాస్త క్రయో ఎక్కించినా పిల్ల పెరిగి పెద్దదవుతుంది.

రెండోసారి బేసింగ్‌స్టోక్ వెళ్లేసరికి ఫ్రిజ్‌లో అట్టపెట్టెల వరస మాయమై ఒక్క చిన్న పెట్టె మిగిలింది. ఎమిసిజుమాబ్ వచ్చింది. జపాన్‌లో తయారై 2017లో అమెరికాలో అనుమతి పొందిన యాంటీబాడీ ఇది. దానికి రెండు చేతులు. ఒక దానితో తొమ్మిదో ఫ్యాక్టర్‌నీ రెండో దానితో పదో ఫ్యాక్టర్‌నీ పట్టుకుంటుంది. పేరయ్య లేకపోతేనేం, కొత్త మధ్యవర్తి కూర్చోబెట్టేశాడు. నరం వెతకనక్కర్లేదు, తొడమీద చర్మం కింద పొడిస్తే చాలు, వారానికో రెండు వారాలకో నెలకో ఒకసారి. తీవ్ర జబ్బున్నవాళ్లలో పాతిక ముప్పై శాతం మందికి ఒళ్లు ఎక్కించిన ఎనిమిదో ఫ్యాక్టర్‌నే శత్రువనుకుని ఎదురుతిరుగుతుంది. వాళ్లకి ఇది నిజంగా వరం. పెద్ద దెబ్బలకీ ఆపరేషన్లకీ ఫ్యాక్టర్ ఇంకా కావాలి. హీమోఫీలియా బికి ఈ మందు పనికిరాదు కూడా.

అసలు ఏ మందూ అక్కర్లేకుండా కాలేయం చేతే ఫ్యాక్టర్ చేయిస్తే? ఇక్కడ మళ్లీ బేసింగ్‌స్టోక్ పేరు వస్తుంది. 2017 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన వ్యాసంలో రచయితల వరసలో మొదటి పేరు సవితా రంగరాజన్, బేసింగ్‌స్టోక్ హీమోఫీలియా కేంద్రం. చివరి పేరు లండన్ బార్ట్స్ ఆసుపత్రి జాన్ పాసీ. ఎనిమిదో ఫ్యాక్టర్ జన్యువు పొడుగెక్కువ, దాన్ని కాలేయానికి మోసుకెళ్లే వైరస్ సంచీ చిన్నది. కాబట్టి అక్కర్లేని నడుం భాగం కత్తిరించి సంచీలో కుక్కారు. మొత్తం తొమ్మిదిమంది మగవాళ్లు. వాళ్లలో ఏడుగురికి శరీర బరువులో కిలోకి 60 లక్షల కోట్ల వైరస్ కణాలు, ఒకేసారి, సెలైన్ ఎక్కించినట్టు. ఆ ఏడుగురిలో ఆరుగురికి ఫ్యాక్టర్ 50 శాతం దాటి మామూలు మనుషుల స్థాయికి చేరింది, ఏడాది నిలిచింది. ఏటా పదహారుసార్లు నెత్తురు కారేవాళ్లకి ఒక్కసారికి తగ్గింది. ఒక్క శాతం కోసం మూడు తరాలు పడిన తంటా తెలిసినవాళ్లు ఆ అంకెలు చూసి కళ్లు నులుముకుని ఉంటారు.

తర్వాత ఏటికేడాది ఆ అంకెలు దిగుతూ వచ్చాయి. కాలేయం అలిగితే నెలల తరబడి స్టెరాయిడ్లు వాడాల్సొచ్చింది. రెండోసారి ఎక్కించడానికి లేదు. ఆ వైరస్‌ని ఒళ్లు ఇప్పుడు గుర్తుపట్టేస్తుంది. యూరప్‌లో 2022లో అనుమతి వచ్చినా కొన్నవాళ్లు తక్కువే. నెలకో సూదితో గడిచిపోతుంటే తిరిగిరాని దారిలో ఎవరడుగు పెడతారు? తొమ్మిదో ఫ్యాక్టర్ జన్యువు పొట్టిది కాబట్టి హీమోఫీలియా బిలో ఈ పద్ధతి ఇంతకంటే నిలకడగా ఉంది.

మన వైపు చిత్తూరు దాటగానే వచ్చే వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో అలోక్ శ్రీవాస్తవ బృందం వేరే దారి పట్టింది. రోగి సొంత మూలకణాలు బయటికి తీసి, వాటిలో ఎనిమిదో ఫ్యాక్టర్ జన్యువు పెట్టి, కీమో మందులతో ఎముకమజ్జలో చోటుచేసి తిరిగి ఎక్కించారు. 2024 డిసెంబరులో అదే న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఫలితాలొచ్చాయి. అయిదుగురు మనుషులు, అందరి కాలం కలిపితే 81 నెలలు, ఒక్కసారీ నెత్తురు కారలేదు. అయిదుగురంటే అయిదుగురే. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లు 4 కోట్ల 20 లక్షల పైచిలుకు. 5 వేలకి ఒకరు చొప్పున ఎనిమిది వేలమందైనా ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం హీమోఫీలియాని జాబితాలో చేర్చింది. కొన్ని ప్రభుత్వాసుపత్రుల్లో ఫ్యాక్టర్ ఉచితంగా ఇస్తున్నారు. బస్సుకి మూడు గంటలు కూర్చుని వాచిన మోకాలితో అక్కడికి చేరినవాడికి, అది నెత్తురు కారాక ఇచ్చే మందే. ముందే ఇచ్చి గీత దిగకుండా చూసే పని మన దగ్గర ఇంకా కొద్దిమంది పిల్లలకే అందుతోంది.

మొన్న మూడోసారి వెళ్లినప్పుడు మేనల్లుడికి పదిహేడేళ్లు. నాకంటే జానెడు పొడుగు. రెండు వారాలకోసారి తన సూది తనే వేసుకుంటున్నాడు. ఈత జట్టులో ఉన్నాడు, రగ్బీ మాత్రం ఆడనివ్వరు. వాళ్ల ఊరి పేరుతో వచ్చిన ఆ వ్యాసం గురించి చెప్పి, పద్దెనిమిది నిండాక నువ్వూ ఆలోచిస్తావా అని అడిగాను. ఫోనులోంచి తలెత్తి, ‘‘చూద్దాం మామయ్యా’’ అన్నాడు, ‘‘ముందు ఈ రౌండబౌట్ల మీద డ్రైవింగ్ టెస్టు పాసవ్వాలి. ఇప్పటికి రెండుసార్లు తప్పాను.’’